రేకు మీద తలుపు

ముందుగా ఒక మాట. చదువు నాకు తల నెరిశాక వచ్చింది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడుముకుంటూనే ఉంటాను. ఒక వాక్యం రాసి, దాని కింద వేలు పెట్టి చదువుకుని, సరిపోయిందనిపిస్తే గానీ రెండోదానికి పోలేను. కాబట్టి తప్పులుంటే మన్నించండి. నడక నెమ్మదిగా ఉంటే ఓపిక పట్టండి. ముసలిదాని చెయ్యి పట్టుకుని నడిచేవాళ్లు పరుగెత్తకూడదు కదా.

రఫూ అక్క కొట్టు తలుపు తీసింది గానీ తెల్లారలేదు. గడియారం తెల్లారిందనే అంటోంది. పక్కింటి పిల్లలు బడికి పోమని ఏడుస్తూనే ఉన్నారు. వెలుతురు మాత్రం లోపలికి రాలేదు. గడప మీద నిలబడి చెయ్యి చాపింది. చల్లగా, గరుగ్గా రేకు తగిలింది.

ఆమె కొట్టు వీధి మొదట్లోనే ఉంటుంది, పెద్దరోడ్డుకు ముఖం పెట్టి. చిరిగిన బట్టను చిరిగినట్టు తెలియకుండా నేసి పూడ్చడం, అంటే రఫూ, ఆమె పని. కోటుకు సిగరెట్టు కన్నం పడినా, మంచి చీర మేకుకు పట్టుకుని చీరుకుపోయినా ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆ పనికి దీపం వెలుతురు పనికిరాదు. దీపం కింద నల్లదారం, నీలిదారం అక్కచెల్లెళ్లలా ఒక్కలాగే ఉంటాయి. పొద్దున్నే రోడ్డు మీంచి వచ్చే ఎండ కోసమే ఆమె కుర్చీ గడప దగ్గర ఉండేది. ఇప్పుడు ఆ గడప ముందు, వీధి మొగకు అడ్డంగా, రోడ్డు పొడవునా మనిషికి రెండింతల ఎత్తున రేకుల గోడ లేచింది.

బయటికి పోవాలంటే వీధి వెనక మురుగు కాలవ పక్కనున్న సందు ఒక్కటే దారి. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ సందు తిరిగి పెద్దరోడ్డు మీదికొచ్చి గోడను అవతలి నుంచి చూసింది. ఆ వైపు అంతా రంగులు. వరసగా ఇళ్లు, కిటికీలకు తెరలు, మధ్యమధ్య పచ్చటి చెట్లు. సరిగ్గా తన కొట్టుండే చోట ఆకుపచ్చ తలుపు బొమ్మ వేశారు, పక్కన పూలకుండీ. తలుపుకు ఇత్తడి గొళ్లెం కూడా గీశారు.

టోపీ పెట్టుకున్న మేస్త్రీ ఒకాయన పక్కన నిలబడి వెల్డింగు అతనికి పని చెబుతున్నాడు.

"ఏంటి నాయనా ఇది?" అంది రఫూ అక్క.

"ఆటల కోసమమ్మా. దేశదేశాలవాళ్లు ఈ రోడ్డునే మైదానానికి వెళ్తారు. చూపు బాగుండాలి కదా."

"మేం కనపడితే చూపు పాడవుతుందా?"

"నన్నడిగితే నేనేం చెప్పను? బొమ్మలు మాత్రం మీ ఇళ్లకంటే బాగానే వేయించాను."

"అది నిజమేలే. మా ఇంటికి గొళ్లెం ఊడి చాలా కాలమైంది. ఎన్నాళ్లుంటుంది ఇది?"

"ఆటలయ్యేదాకే. తాత్కాలికం."

రఫూ అక్క కళ్లజోడు సర్దుకుని కిందికి చూసింది. ఇనప స్తంభాల పాదాల చుట్టూ గుంత తవ్వి సిమెంటు పోశారు. ఇంకా తడి ఆరలేదు. దాని మీద ఎవరిదో కుక్క అడుగులు కూడా పడ్డాయి.

"తాత్కాలికానికి సిమెంటెందుకు నాయనా?"

టోపీ ఆయన ఆ సిమెంటును తానూ అప్పుడే చూసినట్టు చూశాడు. "గాలికి పడకుండా" అని అటు తిరిగి, వెల్డింగు అతన్ని ఏ తప్పూ లేకుండానే కసిరాడు.

ఆ రోజు నుంచి రఫూ అక్కకు అనుమానం పట్టుకుంది. కోకకు పట్టిన మరకలాంటిది అనుమానం. రుద్దేకొద్దీ పాకుతుంది.

ఆమె కొట్టు పక్కనే బొత్తాలమ్మ కొట్టు. బొత్తాలు, హుక్కులు, జిప్పులు, దారపు ఉండలు అమ్ముకునే విధవ మనిషి. సాయంత్రాలు పలక పట్టుకుని పెద్దవాళ్ల బడికి పోతుంటుంది. ఎదురుగా తాళాల మావయ్య అరుగు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ముగ్గురూ బొత్తాలమ్మ కొట్లో చిన్న టీవీ ముందు చేరతారు. గోడ లేచాక పొద్దస్తమానం మధ్యాహ్నంలాగే ఉంది. దారి తెలియక ఎవరూ రావడం లేదు.

టీవీలో మైదానం పైకప్పు చూపించారు. మీట నొక్కితే తామర మొగ్గలా ముడుచుకుంటుంది, మళ్లీ నొక్కితే విచ్చుకుంటుంది. కిందటిసారి ఆటలు పెట్టిన పొరుగు దేశం వాళ్ల పైకప్పు కూడా మూసుకుంటుందట గానీ, మనది ఇంకా తొందరగా మూసుకుంటుందట. అది చెబుతున్న పిల్ల ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలిగిపోతోంది.

"వాళ్లది టీ తాగేలోపు మూసుకుంటుంది. మనది టీ చల్లారేలోపే" అన్నాడు తాళాల మావయ్య.

"రెండూ ఒకటే కదా?" అంది బొత్తాలమ్మ.

"ఒకటెలా అవుతుంది? ఆ తేడాకే మన బస్సు టికెట్టు మీద ఆటల సుంకం వేశారు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని ఊరికే అన్నారా? ఇక్కడ పులి ఎవరో నక్క ఎవరో తెలియదు, అదీ తిప్పలు. వాళ్లు దీపస్తంభం కడితే మనం ఇంకో మనిషెత్తు ఎక్కువ కట్టాం. ఇప్పుడు వాళ్లు దాన్ని చూసి ఇంకోటి కడతారు."

"మన బడి పైకప్పు మాత్రం మీట నొక్కకుండానే విచ్చుకుంటుంది, వానొచ్చినప్పుడల్లా" అంది బొత్తాలమ్మ.

రఫూ అక్క నవ్వలేదు. ఒళ్లో ఉన్న నీలం కోటు మోచెయ్యి దగ్గర చిరుగును వేళ్లతో సాపు చేస్తూ, "తీసేది గోడ కాదు, మనల్నే" అంది. "ముందు కనపడకుండా చేశారు. తర్వాత లేకుండా చేస్తారు. ఇక్కడ బండ్లు నిలుపుకునే జాగా కావాలి వాళ్లకి. చూస్తూ ఉండండి."

ఆ కోటు అల్లుడిది. కూతురూ అల్లుడూ అదే వీధిలో చివరింట్లో ఉంటారు. ఆటల ఆఫీసులో అతనికి బండి తోలే పని దొరికింది. ఆ కోటు వాళ్లిచ్చిందే, జేబు మీద ఆటల గుర్తు ఎంబ్రాయిడరీ చేసి ఉంది. చేరిన వారంలోనే బండి తలుపుకు పట్టుకుని మోచెయ్యి చిరిగింది. రఫూ పనికి వేరే దారం కొంటే రంగు కలవదు. అదే బట్ట లోపల, కింది అంచు మడతలో, ఎవరి కంటా పడని చోట ఒక్కొక్క పోగూ లాగాలి. ఆ పోగుతో పైన, అందరూ చూసే చోట, నిలువు దారాల మధ్య అడ్డదారం అల్లుకుంటూ పోవాలి. రఫూ అక్క అంచు విప్పి చూసింది. పైకి పట్టులా మెరిసే కోటుకు లోపల గోనెలాంటి అస్తరు.

'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత' అనుకుంది.

కోటు ఎంతవరకొచ్చిందో చూడ్డానికన్నట్టు అల్లుడు ఆ సాయంత్రం వచ్చాడు. చంకలో పెద్ద మూట ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అత్తయ్యా, మంచి మాట చెబుదామని వచ్చాను. ఎల్లుండి పరుగు పందేలు. మన వీధి వీధంతటికీ పాసులు తెచ్చాను. వేసుకోవడానికి చొక్కాలు కూడా ఇస్తారు. వెనక సందు దగ్గరికి బస్సొస్తుంది. అక్కడే భోజనం."

"వీధంతటికీనా బాబూ?"

"అందరికీనండి. పిల్లా జెల్లా, ముసలీ ముతకా. ఇంటికొకరు కాదు, అందరూ రావాలి."

"మొన్న మీరే కదండీ, టికెట్లు మొదటి గంటలోనే అమ్ముడైపోయాయన్నారు?"

అల్లుడు గోడకు తగిలించిన కత్తెర వంక చూశాడు. "అవి వేరే టికెట్లండి. ఇవి వేరే."

జేబులో ఫోను మోగింది. చూసి, గడప దాటి, రేకు పక్కన చీకట్లో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడాడు. 'ఖాళీ చేయిస్తానండి' అన్నాడో, 'ఖాళీ లేకుండా చేస్తానండి' అన్నాడో తెలియలేదు గానీ ఖాళీ అన్న మాట మాత్రం రఫూ అక్క చెవిన పడింది. అతని కాళ్లకు కొత్త బూట్లు. ఆమె చూపు బూట్ల నుంచి ముఖం మీదికి పోయేసరికి అతను చూపు తిప్పేసుకున్నాడు.

అల్లుణ్ని అనుమానించడం చులాగ్గా అయ్యే పని కాదు. కొడుకునైతే చెవి మెలేసి అడగొచ్చు. అల్లుణ్ని మీరు అనే అడగాలి, అతను అబద్ధమాడితే తెలియనట్టే తల ఊపాలి. రఫూ అక్క తల ఊపింది.

ఆ రాత్రి వంటలు కాకముందే వీధంతా బొత్తాలమ్మ కొట్టు ముందు చేరింది. చొక్కాలు చేతులు మారుతున్నాయి. కొన్ని నీలం, మన దేశానివి. కొన్ని ఎరుపు. ఎరుపువి పొరుగు దేశానివని ఒకరు గుర్తుపట్టారు గానీ, పొరపాటున కలిసిపోయి ఉంటాయని సరిపెట్టుకున్నారు.

"ఎర లేనిదే గాలం లేదు" అంది రఫూ అక్క. "మనం అందరం అటెళ్లి కూర్చుంటే ఇటు ఇళ్లకు కాపలా ఎవరు? బస్సెక్కించి తీసుకుపోతారు. తిరిగొచ్చేసరికి గోడ ఉంటుంది, వీధి ఉండదు."

చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ చేతిలో చొక్కా కింద పెట్టేసింది.

"అమ్మా!" అంది కూతురు గుంపులోంచి ముందుకొచ్చి. "అంటే ఏంటి నీ ఉద్దేశం? ఆయనే తెచ్చాడు కదా పాసులు. ఆయనే కూల్పిస్తాడనా?"

"ఆయన్ని నేనేం అనలేదే."

"అనకుండానే అన్నావు. సూది గుచ్చినట్టు కాకుండా గుచ్చడం నీకు బాగా తెలుసు."

చివరికి తాళాల మావయ్యే తోవ చూపించాడు. "వెళ్లకపోతే అల్లుడి ఉద్యోగానికి దెబ్బ. వెళ్తే ఇళ్లకు దెబ్బ. ఒకరుండి కాపలా కాస్తే సరి. అనుమానం ఎవరిదో కాపలా వాళ్లది."

అలా ఆ పని రఫూ అక్క మీద పడింది.

పందేల రోజు పొద్దున్నే తాళంచెవులు ఒక్కొక్కటే ఆమె ఒళ్లో పడ్డాయి. తాళాల మావయ్య తన చెవి ఇస్తూ, "వీధికంతా తాళాలు చేసినవాణ్ని. నా చెవి దాచుకునే చోటు నాకే లేకపోయింది" అన్నాడు. బొత్తాలమ్మ నీలం చొక్కా చీర మీదే తొడుక్కుని, దాని బొత్తాలు ఒక్కొక్కటే లాగి చూసి, "గట్టివే. కుట్టే సరిగ్గా లేదు" అని తేల్చేసింది. "ఊరికే కూర్చోకక్కా. నా టీవీ పెట్టుకో. నేను కనపడతానేమో చూడు."

బస్సు వెళ్లిపోయాక వీధి ఎప్పుడూ లేనంత నిశ్శబ్దమైపోయింది. రఫూ అక్క బొత్తాలమ్మ కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుంది. ఒళ్లో కోటు, కోటు మీద తాళంచెవుల గుత్తి, చేతికందేలా పెద్ద కత్తెర. వెనక సందులో బండి చప్పుడైతే లేచి నిలబడింది. చెత్తబండి. తోలేవాడు ఆమె చేతిలో కత్తెర చూసి, "ఏంటి పెద్దమ్మా, ఎవరి జుట్టు కత్తిరిస్తావు?" అన్నాడు. ఇంకోసారి రేకుల మీద ఏదో దబదబమంది. పిల్లి. మధ్యాహ్నం దాటినా పలుగూ పారా పట్టుకుని ఎవరూ రాలేదు. అనుమానించినవాళ్లు రాకపోతే సంతోషించాలి గానీ, ఆమెకు ఏదో అన్యాయం జరిగినట్టే అనిపించింది.

విసుగుపుట్టి టీవీ పెట్టింది.

గోడ అవతల నిజం మైదానంలోంచి అరుపులు వినిపిస్తున్నాయి. అవే అరుపులు కాస్త ఆలస్యంగా టీవీలోంచి వినిపిస్తున్నాయి. "కిక్కిరిసిన మైదానం" అంటోంది టీవీ గొంతు. "పొరుగు దేశంలో ఇంత జనాన్ని ఎప్పుడైనా చూశామా?" బొమ్మ జనం మీదుగా జారుతోంది. నీలం, నీలం, నీలం. అదిగో తాళాల మావయ్య, జెండా గొడుగులా పట్టుకుని. అదిగో కూతురు. రఫూ అక్క తనకు తెలియకుండానే చెయ్యెత్తి ఊపింది.

కాసేపటికి బొమ్మ ఎదుటి వైపుకు తిరిగింది. ఆ వైపంతా ఎరుపు. పొరుగు దేశపు అభిమానులట. వాళ్ల జెండాలు ఊపుతూ వాళ్ల పాట పాడుతున్నారు. ఆ ఎరుపు మధ్యలో, నోరంతా తెరిచి, బొత్తాలమ్మ.

రఫూ అక్క కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. బొత్తాలమ్మే. పక్కన ఎర్ర చొక్కాలో తాళాల మావయ్య. ఇందాక ఆ కొసన నీలంగా ఉన్న మనిషి, ఇప్పుడు ఈ కొసన ఎరుపు. బొమ్మ చప్పున పక్కకు జరిగింది. ఆ జరగడంలో ఒక్క రెప్పపాటు, అంచున, బూడిదరంగు కుర్చీలు కనపడ్డాయి. ఖాళీవి. వరసల మీద వరసలు.

ఆమె చూపు ఒళ్లోకి దిగింది. కోటు కింది అంచు విప్పి ఉంది, పోగులు లాగిన చోట మడత బోసిగా ఉంది. మోచెయ్యి దగ్గర చిరుగు సగం పూడింది.

"ఓహో" అంది రఫూ అక్క, ఖాళీ వీధితో. "అదా సంగతి."

దీపాలు పెట్టే వేళకు బస్సు తిరిగొచ్చింది. ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయని చూసుకుని జనం నవ్వుకున్నారు. తాళంచెవులు పంచుతుంటే బొత్తాలమ్మ ఇంకా ఎర్ర చొక్కాలోనే ఉంది.

"మధ్యలో లేపి అటు వైపు కూర్చోబెట్టారక్కా. ఇది తొడుక్కోమన్నారు. సరేలే, బట్టకేం పాపం అనుకున్నా. వాళ్ల పాట ఎంత బాగుందో! నాకు ఏడుపొచ్చింది. అర్థం కాకపోయినా."

"సిగ్గులేకపోతే సరి" అన్నాడు తాళాల మావయ్య.

"నీకుందా? నువ్వూ పాడావుగా, పెదాలు ఆడించి."

అందరూ వెళ్లాక అల్లుడు మిగిలాడు. గొంతు బొంగురుపోయింది. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు. రఫూ అక్క మంచినీళ్లిచ్చి, అతను తాగేదాకా ఆగింది.

"కుర్చీలు నిండలేదు కదా బాబూ?"

అతను గ్లాసు కింద పెట్టాడు. అబద్ధం వెతుక్కుంటున్నట్టు ఒకసారి కత్తెర వంక చూసి, మానుకున్నాడు.

"టికెట్టు ధర తెలుసా అత్తయ్యా? నా నెల జీతం పెడితే చిట్టచివరి వరసలో కుర్చీ వస్తుంది. కట్టడానికైన ఖర్చు రాబట్టాలని అలా పెట్టారు. ఎవరూ కొనలేదు. పొరుగు దేశంవాళ్లు అలిగి వాళ్ల జనాన్ని రానివ్వలేదు. ఖాళీ కుర్చీలు టీవీలో పడితే వాళ్ల పేపర్లు నవ్వుతాయట. అందుకని మాలాంటివాళ్లకి తలా ఇన్ని వరసలు అప్పగించారు నింపమని."

"ఆ మాట ముందే చెబితే పోయేది కదండీ. ఇళ్లు కూల్చడానికే అనుకుని వీధంతా ప్రాణాలు ఉగ్గబట్టుకుంది."

"ఇళ్లు కూల్చడమా?" అల్లుడు నిజంగానే అదిరిపడ్డాడు. "మీ అందరి ముందూ టికెట్లు అమ్ముడైపోయాయని గొప్పలు చెప్పుకున్నాను కదండీ. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

రఫూ అక్కకు జాలేసింది. కానీ జాలి ఒక పక్క, అనుమానం ఒక పక్క. "ఆ గోడ సంగతేంటి మరి? ఆటలయ్యాక తీస్తారా?"

అతను గ్లాసును వేలితో దూరంగా జరిపాడు. "తీయమని ఎవరికీ పని చెప్పలేదండి. ఇంకేవో ఆటలు కూడా మనమే పెడతామని అడుగుతున్నారట. పొరుగువాళ్లు అడిగారని." తర్వాత ఇంకా మెల్లగా అన్నాడు. "ఆఖరి రోజు ముగింపు ఉత్సవం. పొరుగు దేశం పెద్దలే అలక మాని వస్తున్నారు చూడ్డానికి. రోడ్డు వైపు వరసలన్నీ నిండాలి. నిండకపోతే నా బదులు ఇంకొకరొస్తారు."

అతను వెళ్లాక ఆమె దీపం కింద కోటు తీసి, మళ్లీ పెట్టేసింది. గోడ ఉంటుంది. ఆ సంగతి తడి సిమెంటు అప్పుడే చెప్పింది. గోడ ఉంటే వెలుతురుండదు, వెలుతురు లేకపోతే పని లేదు, పని లేకపోతే ఈ కొట్టుకు తాళం వేసి కూతురింట్లో ఒక మూల చేరాలి. మూలన కూర్చున్న తల్లితో కూతురు ఎన్నాళ్లు మంచిగా ఉంటుంది? ఇప్పుడే సూది అంటోంది.

ముగింపు రోజు పొద్దున్నే అల్లుడు చొక్కాల మూటతో వచ్చేసరికి వీధివీధంతా రఫూ అక్క కొట్టు ముందు కూర్చుని ఉంది. ఆమె దీపం పెట్టుకుని కోటు కుడుతోంది.

"వస్తాం బాబూ. మాటిస్తున్నాను. నేను కూడా వస్తాను" అంది. "కానీ మురుగు సందులోంచి రాం. రోడ్డు దాటితే మైదానం. బస్సెందుకు, నడిచే వస్తాం. మా వీధి మొదట్లోంచి. ఆ తలుపు బొమ్మ ఉన్న రేకు ఒక్కటి తీయించండి చాలు."

అల్లుడు మూట కింద పెట్టాడు. "అత్తయ్యా, నా చేతిలో లేదండి."

"మీ చేతిలో లేదని నాకు తెలుసు. ఎవరి చేతిలో ఉందో వాళ్లకి చెప్పండి."

"అమ్మా, ఈయన ఉద్యోగం పోతుందే!" అంది కూతురు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రఫూ అక్క తలెత్తలేదు. తలెత్తితే మాట జారిపోతుందని ఆమెకు తెలుసు. సూది మాత్రం జారి వేలిలో దిగింది. రక్తం కోటుకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది.

అల్లుడు ఫోను చేశాడు. మళ్లీ చేశాడు. అవతలి గొంతు రేకులకు తగిలి ఖంగుమనేంత గట్టిగా తిట్టింది. కాసేపటికి టోపీ ఆయన వెనక సందులోంచి, బూట్లకు బురదతో వచ్చాడు.

"ఏంటమ్మా ఈ గొడవ? ఒక్క రేకు తీస్తే లోపలంతా కనపడుతుంది!"

"కనపడితే ఏం?" అంది బొత్తాలమ్మ. "టీవీలో కనపడాలి గానీ రోడ్డు మీద కనపడకూడదా? ఇదెక్కడి విడ్డూరం?"

"దేశం పరువమ్మా!"

"దేశం పరువు కోసమే కదా నాయనా అందరం తయారై కూర్చున్నాం" అంది రఫూ అక్క. "ఆ ఖాళీ కుర్చీల్లో మీ బొమ్మల ఇళ్లని కూర్చోబెట్టుకుంటారా? అవి చప్పట్లు కొడతాయా?"

గోడ అవతల బ్యాండు సాధన మొదలైంది. మైదానం మైకులు 'ఒకటి, రెండు, ఒకటి, రెండు' అంటున్నాయి. టోపీ ఆయన పక్కకు వెళ్లి తన ఫోను తీశాడు. వీధిలో చంటిపిల్ల కూడా ఏడవలేదు. అల్లుడు చెమట తుడుచుకుంటున్నాడు. కూతురు తల్లిని చూడకుండా రేకును చూస్తోంది. ఇతని కొంప కూల్చేది వాళ్లు కాదు, నేనేనా అని మొదటిసారి రఫూ అక్కకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

అప్పుడు రేకు అవతలి నుంచి గట్టిగా శబ్దమైంది. నిప్పురవ్వలు రాలాయి. రేకు మొదట పైన ఊగింది, తర్వాత పక్కకు ఒరిగింది. వెల్డింగు అతనూ ఇంకొకతనూ ఆకుపచ్చ తలుపును చెరో పక్కా పట్టుకుని పక్కకు జరిపారు.

ఎండ ఒక్కసారిగా ఆమె ఒళ్లో పడింది.

ముందు కోటే కనపడింది. చీకట్లో చేసిన పని ఎండలో అంగట్లో పెట్టినట్టుంది. పోగులు వంకర, రంగు తేడా, మోచెయ్యి మీద మచ్చలా తెలిసిపోతోంది. ఆమె పనిలో అలాంటి అతుకు ఎప్పుడూ లేదు.

"ఉండండి బాబూ, విప్పి మళ్లీ చేస్తాను."

"టైము లేదు అత్తయ్యా." అల్లుడు ఆ కోటు అందుకుని తొడుక్కున్నాడు. "ఎవరు చూస్తారు లెండి."

"చూసేవాళ్లు చూస్తారు" అంది ఆమె.

తలుపు బొమ్మ ఉండిన చోటులోంచి వీధంతా నడిచి రోడ్డు దాటింది. రఫూ అక్కకు ఎర్ర చొక్కా వచ్చింది. తొడుక్కుంది. ఆమెను చిట్టచివరి వరసలో, అన్నిటికన్నా పైన కూర్చోబెట్టారు. ముందు వైపు బాణాసంచా, నాట్యాలు, మీట నొక్కితే ముడుచుకునే పైకప్పు. ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది. అక్కణ్నుంచి రోడ్డు కనపడుతోంది. రోడ్డు పొడవునా రంగుల ఇళ్లు, తెరల కిటికీలు. వాటి మధ్య ఒకచోట నిలువుగా ఖాళీ. ఆ ఖాళీలో, బొమ్మ కానిది, తన కుర్చీ. ఎవరైనా వచ్చి మూసేస్తారేమోనని ఉత్సవమంతా దాన్నే చూస్తూ కూర్చుంది. ఎవరు గెలిచారని తర్వాత అడిగితే, "కుర్చీ ఉంది" అంది.

మర్నాడు టోపీ ఆయన వెల్డింగు అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. రఫూ అక్క సరిగ్గా ఆ ఖాళీలో కుర్చీ వేసుకుని, కోటు మోచెయ్యి విప్పుతోంది.

"లేవమ్మా, అతికించాలి."

ఆమె లేవలేదు. కానీ అడ్డుపడింది ఆమె కాదు. వెల్డింగు అతను పనిముట్లు కిందపెట్టి, "ముందు కూలి చెప్పండి సారూ" అన్నాడు. "తీసినదానికే ఇంకా ఇవ్వలేదు."

"ఇస్తారయ్యా. ఆఫీసులో ప్రస్తుతానికి ఏం లేదు. అంతా ఆటలకే అయిపోయింది."

"అయితే ఉన్నప్పుడే పిలవండి" అని అతను పనిముట్లు ఎత్తుకుని, ఆ ఖాళీలోంచే రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.

టోపీ ఆయన రేకును చూశాడు, ఆకాశంకేసి లేచి ఉన్న ఆ పైకప్పును చూశాడు, రఫూ అక్కను చూశాడు. "తాత్కాలికంగా ఇలా ఉండనివ్వండి" అన్నాడు.

"అలాగే నాయనా" అంది ఆమె. "తాత్కాలికంగానే."

ఆ గోడ ఇంకా ఉంది. రంగులు పొక్కులు లేచాయి, కిటికీల తెరలు వెలిసిపోయాయి. మైదానంలో ఇప్పుడు ఏడాదికొకటి రెండు ఆటలు జరుగుతాయి. అప్పుడల్లా చొక్కాల మూటతో అల్లుడే వస్తాడు, ఆ ఖాళీలోంచే. తీసేసిన ఆ రేకును రఫూ అక్క కొట్టు ముందు వానకు పందిరిగా వేయించుకుంది. రంగు వైపు పైకి పెట్టమంది. ఎందుకని అడిగితే, "పైవాడైనా తలుపు కొట్టి రావాలి కదా, అంతా అనుమానపు రోజులు" అంది.

ఇది రాసిన నన్ను వీధిలో బొత్తాలమ్మ అంటారు. వయసు అరవై తొమ్మిది. ఉండేది పెద్దరోడ్డు మీంచి రేకు లేని ఆ ఖాళీలోంచి లోపలికొస్తే రెండో కొట్టు, పైగది. ఆ ఎర్ర చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది. బొత్తాలు ఒక్కటీ ఊడలేదు. కుట్టు మాత్రం నేనే మళ్లీ వేసుకున్నాను.